ఆమె రాయని ఉత్తరాలు

కళ్లజోళ్ల దుకాణంలో, విరిగిన ఫ్రేమ్ ఒకటి చేతిలో పట్టుకుని, ఆరేళ్లుగా చూడని అక్క ముఖంలోకి చూస్తూ ఆమె నిలబడిపోయిన చోట కిందటిసారి మనం ఆగాం. ఏదో పని మీద ఆ ఊరొచ్చిన అక్క, దారిలో కళ్లజోడు విరిగితే బాగుచేయించుకుందామని లోపలికొచ్చింది. కౌంటర్ అవతల ఉన్నది తన చెల్లెలని ఆమెకేం తెలుసు! "గడప తొక్కొద్దని రాసింది నువ్వే కదే" అని అక్క. "నన్ను వదిలించుకున్నది నువ్వే కదా" అని చెల్లెలు. నలుగురి మధ్య మాట పెరిగేలోగా అక్కే తమాయించుకుంది. "రేపు మధ్యాహ్నం వస్తాను. నువ్వు రాసిన ఉత్తరాలన్నీ తెస్తాను. నీ కళ్లతో నువ్వే చూసుకో" అని వెళ్లిపోయింది.

అన్నట్టే వచ్చింది. అన్నం వేళ దాటాక, దుకాణం వెనక గదిలో, అద్దాలు అరగదీసే మెషిన్ పక్కన స్టూలు మీద కూర్చుని సంచిలోంచి ఐదు కవర్లు తీసి బల్ల మీద పెట్టింది. ఆ గదిలో ఐదేళ్లుగా చెల్లెలిదే రాజ్యం. డాక్టరు రాసిచ్చిన చీటీ చూసి, గుండ్రటి అద్దాన్ని ఫ్రేమ్‌కి సరిపోయేలా అరగదీసి, వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించడం ఆమె పని. దుకాణంలో అందరూ ఆమెను అద్దాలమ్మ అంటారు. అక్క మాత్రం చిన్నప్పటినుంచీ పిచ్చుక అనే పిలిచేది. అమ్మానాన్నా పోయాక పెంచింది అక్కే.

చెల్లెలు మొదటి కవరు తెరిచింది.

"అక్కా, పెంచానన్న పేరుతో నన్ను నీ కాళ్ల కింద తొక్కి పెట్టావు. ఇప్పుడిప్పుడే ఊపిరి పీల్చుకుంటున్నాను. నువ్వు ఇక్కడికి రావద్దు. ఫోన్ చెయ్యొద్దు. నీ ముఖం చూడాలని నాకు లేదు. ఇట్లు, పిచ్చుక."

ఆమెకు ఒళ్లు జలదరించింది. మాటలు చూసి కాదు. అవి తన అక్షరాలు. సున్నా చుట్టే తీరు తనది. తలకట్టు పక్కకి విసిరే తీరు తనది. ఆఖరికి చివరి మాట కింద రెండు గీతలు గీసే అలవాటు కూడా తనదే.

"నీ రాత కాదంటావా?" అని అడిగింది అక్క. గొంతులో కోపం లేదు, ఎవరైనా కాదంటే బాగుండునన్న ఆశ ఉంది.

ఆమె ఉత్తరాన్ని మళ్లీ చదివింది. కాదని గట్టిగా అనేసేదే. కానీ గత కొన్నేళ్లుగా ఆమె భర్త ప్రతి చిన్న విషయానికీ "నీకు మతిమరుపు ఎక్కువైపోతోంది సుమా" అంటున్నాడు. మొదట్లో నవ్వేసేది. తర్వాత తర్వాత ఆమెకూ అనుమానం మొదలైంది. ఒకవేళ తనే రాసిందా? ఏ జ్వరంలోనో, ఏ నిద్రమత్తులోనో రాసి మర్చిపోయిందా? తన చెయ్యి తనకు తెలియకుండా ఇంత విషం కక్కిందా? 

అలవాటు మనిషిని కాపాడుతుందంటే ఏమో అనుకుంటాం. ఆమె చెయ్యి దానంతటదే డ్రాయర్‌లో ఉన్న భూతద్దాన్ని తీసింది. అద్దం అంచు మీద సన్నటి పగుళ్లున్నాయేమో చూసుకునే భూతద్దం అది. కంటికి ఆనించుకుని ఉత్తరం మీదికి వంగింది.

మామూలుగా రాసే మనిషి కలం అక్షరంలో ఆగదు. జారిపోతుంది. ఇక్కడ ప్రతి అక్షరం మధ్యలోనూ కలం ఆగింది. ఆగిన చోటల్లా ఆవగింజలో సగమంత సిరా చుక్క. ఎవరో ఒక నమూనా చూస్తూ, ఆగి, మళ్లీ చూసి, మళ్లీ రాశారు. మామూలు కంటికి కనపడదు. అంత నేర్పుగల చెయ్యి.

నాలుగో ఉత్తరం తీసేసరికి తేదీ చూసి ఆమె ఆగిపోయింది. ఆ తేదీకి రెండు నెలల ముందే, ఇదే మెషిన్ చక్రం కింద పడి ఆమె కుడి బొటనవేలి కొస తెగిపోయింది. కుట్లు మానాక కలం మీద మునుపటి పట్టు చిక్కలేదు. అప్పటినుంచీ ఆమె అక్షరాలు ఎడమకి ఒరిగిపోయి, బారుగా, చిన్నపిల్లల రాతలా తయారయ్యాయి. ఆమె ఒక పాత చీటీ వెనక అదే వాక్యం గబగబా రాసి ఉత్తరం పక్కన పెట్టింది.

అక్క రెండింటినీ మార్చి మార్చి చూసింది. "అయ్యో, ఇవి రెండూ ఒకటి కావే!"

"నా వేలు తెగకముందు రాతని చూసి రాశారక్కా."

"నీ పాత రాతలు ఎవరి దగ్గరున్నాయి?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు.  పెళ్లికి ముందు రెండేళ్లపాటు ఆమె కాబోయే భర్తకి ఉత్తరాలు రాసింది. తొంభై పైనే ఉంటాయి. వాటిని అతను ఒక రేకు డబ్బాలో దాచుకున్నాడు. "అప్పుడప్పుడు తీసి చూసుకుంటూ ఉంటాను" అనేవాడు. ఎంత మురిసిపోయేదో ఆ మాటకి! అతని వృత్తే అక్షరాలు. స్కూళ్లకీ కాలేజీలకీ సర్టిఫికెట్ల మీద పేర్లు అందంగా రాసిస్తాడు. పాత నమూనా ఒకటి ముందుంటే, ఎలాంటి దస్తూరి అయినా దించేస్తాడని ఊళ్లో పేరు.

పెళ్లయిన కొత్తలో ఫోన్ నంబర్లు మార్చింది అతను. ఆమె అక్కకి రాసిన ఉత్తరాలు "నేను పోస్టులో వేస్తాలే" అని తీసుకెళ్లింది అతను. "మీ అక్కతో మాట్లాడాను. తన సంసారంలో తనకే తలమునకలుగా ఉందట, నిన్ను తన మీద పడొద్దంది" అని చెప్పి, ఆమె ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరిందీ అతనే.

"లే. ఇటునుంచి ఇటే మా ఇంటికి పోదాం" అంది అక్క.

"నా గుర్తింపు కాగితాలు, పని సర్టిఫికెట్ అక్కడే ఉన్నాయి. అవి లేకపోతే రేపు నాకు ఇంకెక్కడా పని ఇవ్వరు."

"పోనీ, నేనూ నీతో వస్తాను."

"వద్దక్కా. నిన్ను చూశాడంటే జాగ్రత్తపడతాడు. వీధిలో ఉండు. పది నిమిషాలు. అంతే."

ధైర్యంగానే అంది. భూతద్దాన్ని డ్రాయర్‌లో పెట్టి, చేతిసంచి తీసుకుంది.

*

వాళ్ల ఇల్లు మూడో అంతస్తులో. తలుపు తీయగానే ముందు గది, ఆ గదిలోనే అతని బల్ల. ఎటు వెళ్లాలన్నా ఆ బల్ల ముందునుంచే వెళ్లాలి. మూడున్నర ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. అతను తల వంచి ఎవరిదో పేరు రాస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఇంత తొందరగా వచ్చావేం?"

"తలనొప్పిగా ఉంది."

"అయ్యో. పడుకో. ఈ ఒక్కటి పూర్తిచేసి టీ పెట్టి ఇస్తాను."

కసురుకున్నా ఇంత భయం వేసేది కాదు. ఆమె గుమ్మం పక్కన చెప్పులు విడిచింది. పడకగదిలోకి వెళ్లి, చప్పుడు కాకుండా బీరువా తీసి, ఫైలులోని కాగితాలు చేతిసంచిలో కుక్కుకుంది. బయటికి వచ్చేసరికి అతను బల్ల దగ్గర లేడు. వీధి తలుపుకి ఆనుకుని నిలబడి, సిరా అంటిన వేళ్లను గుడ్డతో నెమ్మదిగా తుడుచుకుంటున్నాడు.

"తలనొప్పి ఉన్నవాళ్లు పడుకుంటారు. బీరువా సర్దుకోరు" అన్నాడు నవ్వుతూ. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, "మీ అక్క కనపడిందా?" అన్నాడు.

ఆమె సంచిని వెనక్కి జరుపుకుంది. "మీకెలా తెలుసు?"

"ఆరేళ్లుగా నీ ముఖం చదువుతున్నాను. ఏమంది? నేను ఉత్తరాలు రాశానందా?"

"ఉత్తరాల మాట నేనింకా ఎత్తనేలేదు."

గుడ్డ తుడుస్తున్న చెయ్యి ఆగింది. ఆగింది ఒక్క లిప్తే. మళ్లీ కదిలింది. "చూడు బంగారం. అవి నువ్వే రాశావు. నాకు వినిపించి మరీ రాశావు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. నీకు గుర్తులేదంతే. నీకు ఏది గుర్తుంటోంది చెప్పు? మొన్నటికి మొన్న స్టవ్ ఆర్పావో లేదో నీకే తెలీదు."

అంత నమ్మకంగా, అంత జాలిగా చెబుతుంటే ఆమె లోపల ఏదో మెత్తబడింది. నిజమేనేమో. ఈ పోట్లాట అంతా ఎందుకు, సంచి దించేసి పడుకుంటే పోదూ అనిపించింది. ఆరేళ్లుగా ప్రతిసారీ ఇలాగే జరిగింది. ప్రతిసారీ ఇక్కడే లొంగిపోయింది.

ఈసారి ఆమె బల్ల దగ్గరికి నడిచింది. అతని కలమే తీసుకుని, అతను పేరు రాస్తూ వదిలేసిన సర్టిఫికెట్ మీద 'అక్కా' అని రాసింది. ఎడమకి ఒరిగిన, బారుగా సాగిన రెండక్షరాలు. తర్వాత కొస తెగిన బొటనవేలిని దాని పక్కన ఆనించింది.

"నాలుగో ఉత్తరం రాసేనాటికి నా చెయ్యి ఇదీ. ఈ చేత్తో రాశానా? చెప్పండి."

అతను ఆ కాగితం వైపు చూశాడు. ఊళ్లో వేలమంది పేర్లు రాసినవాడు, కట్టుకున్న భార్య రాత ఎప్పుడు మారిందో ఇన్నాళ్లూ గమనించనే లేదు. ఆమె పాత ఉత్తరాలు చూసుకుంటూ గడిపాడు తప్ప, ఆమె వైపు చూడలేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

"నీ కోసమే చేశాను" అన్నాడు చివరికి. గొంతులో నవ్వు పోయింది. "మీ అక్క ఉంటే నువ్వు నాకు దక్కవు. ప్రతిదానికీ అక్కా, అక్కా. మనిద్దరం చాలదా? నాకు నువ్వు చాలు కదా, నీకు నేనెందుకు చాలను?"

అంటూనే వెనక్కి చెయ్యి పెట్టి తలుపుకి తాళం తిప్పాడు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"కూర్చో. తొందరేముంది? మెల్లగా మాట్లాడుకుందాం."

 అతను ఒక్క అడుగు ముందుకు వేస్తే, ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది. అతను తొందరపడలేదు. అలా అలా వీపుకి కిటికీ ఊచలు తగిలాయి.

"అరుద్దామనుకుంటున్నావా?" అన్నాడు. "నువ్వు ఎన్నడూ గొంతెత్తి ఎరగవు."

నిజం. ఈ ఇంట్లో ఆమె గొంతు పక్కగదికి వినపడితే ఎక్కువ. మెల్లగా మాట్లాడు, పక్కవాళ్లు వింటారు. మెల్లగా నవ్వు, కిందివాళ్లు ఏమనుకుంటారు. అలా మెల్లమెల్లగా ఆ గొంతు పిల్లి అడుగంత చప్పుడు కూడా లేకుండా పోయింది.

ఆమె కిటికీ వైపు తిరిగింది. రెండు చేతులతో ఊచలు పట్టుకుంది.

"అక్కా!"

తన గొంతేనా అని తనే ఉలిక్కిపడింది. ఎదురింటి దర్జీ మెషిన్ ఆగిపోయింది. డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ చేతిలో చీరతో అలాగే తొంగిచూసింది.

"అక్కా! తాళం వేసేశాడక్కా!"

"ఒరేయ్!" వీధిలోంచి అక్క కేక లేచింది. "తలుపు తియ్యి! నా పిచ్చుక మీద చెయ్యి పడిందా, ఈ వీధి వీధంతా పైకి తీసుకొస్తాను!"

అతని ముఖం పాలిపోయింది. అతను భయపడింది అక్కకి కాదు, పైకి లేచిన ఆ తలలకి. ఊరంతా మంచివాడంటుంది అతన్ని. ఆ ఒక్క మాటనే ఇన్నేళ్లూ ఇస్త్రీ నలగకుండా కాపాడుకుంటూ వచ్చాడు. తాళం తీసి పక్కకి తప్పుకున్నాడు.

ఆమె అతన్ని దాటుకుంటూ వెళ్లింది. వెనకనుంచి జడ పట్టుకుని లాగుతాడేమోనని మెడ బిగుసుకుపోయింది. లాగలేదు. మూడంతస్తులూ దిగి వీధిలో కాలు పెట్టాకగానీ చెప్పులు వేసుకోలేదని తెలియలేదు.

*

ఇద్దరూ ఎక్కిన టాక్సీ మలుపు తిరిగింది. తర్వాత ఆమెకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. "ఎంత గట్టిగా అరిచానే అక్కా!"

"నా చెవులింకా గింగురుమంటున్నాయి" అంటూ అక్క ఆమె తలను తన భుజానికి లాక్కుంది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో ఇద్దరికీ తెలీదు. కిటికీలోంచి గాలి కొడుతోంది. ఇప్పుడు ఇంటికి ఎన్నింటికి చేరాలన్న లెక్క లేదు. ఎందుకు ఆలస్యమైందో చెప్పుకోవాల్సిన అవసరం లేదు. ఆరేళ్ల తర్వాత నిండా ఊపిరి తీసుకుంది.

ఇరవై నిమిషాలు గడిచాయో లేదో, ఫోన్ మోగింది. దుకాణం యజమాని. "అమ్మా! నువ్వేనా? బతికే ఉన్నావా?" అన్నాడు ఆయాసపడుతూ.

"అదేంటండీ?"

"మీ ఆయన ఇప్పుడే ఫోన్ చేశాడమ్మా, ఒకటే ఏడుపు. నువ్వు చచ్చిపోతున్నానని ఉత్తరం రాసిపెట్టి ఇంట్లోంచి వెళ్లిపోయావట. పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాడు. ఆ ఉత్తరంలో…" ఆయన నీళ్లు నమిలాడు. "నా చావుకి మా అక్కే కారణం అని రాశావటమ్మా."

ఆమె చేతిలో ఫోన్ జారి ఒళ్లో పడింది. వాళ్లు మెట్లు దిగి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో అతను బల్ల ముందు కూర్చున్నాడు. కలం తీసుకున్నాడు. ఆమెను చంపేశాడు.

విషయం విన్న అక్క పెదవులు తెల్లబడ్డాయి. "ముందు మా ఇంటికి పోదామే. తలుపులేసుకుందాం. తర్వాత ఆలోచిద్దాం."

"పారిపోతే అతను రాసిందే నిజమవుతుందక్కా." తన గొంతులో అంత స్థైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలీదు.  "డ్రైవర్ గారూ, బండి తిప్పండి. పోలీస్ స్టేషన్‌కి పోనివ్వండి."

*

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ బల్ల ముందు అతను రెండు చేతుల్లో ముఖం దాచుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరో మంచినీళ్లిచ్చారు, తాగలేదు. ఆమె గుమ్మంలో నిలబడి, "నేను బతికే ఉన్నానండీ" అంది.

అతను తల ఎత్తాడు. భయపడతాడనుకుంది. తత్తరపడతాడనుకుంది. అతను మాత్రం కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి, పరిగెత్తుకొచ్చి ఆమెను గట్టిగా కౌగలించుకున్నాడు. "వచ్చావా! దేవుడా, వచ్చావా!" అన్నాడు అందరికీ వినపడేలా. తర్వాత ఆమెకొక్కదానికే వినపడేలా, చెవిలో, "ఇంటికి పద" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దమనిషి, తల నెరిసింది. "సంతోషం. గండం గడిచింది. తీసుకెళ్లండి. ఆవిడని కొన్నాళ్లు ఒంటరిగా వదలకండి" అన్నాడు.

ఆమె అతని చేతుల్ని విడిపించుకుంది. ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది.

"నేను వెళ్లను" అంది. "ఆ ఉత్తరం నేను రాయలేదు. ఇతనితో వెళ్లను. నేను మా అక్కతో ఉంటాను."

 ఇన్‌స్పెక్టర్ ఆమె వైపూ, ఆమె ఉత్తికాళ్ల వైపూ, గుమ్మంలో ఉన్న అక్క వైపూ చూశాడు. "కూర్చోమ్మా" అన్నాడు నెమ్మదిగా. "నీ మాటేంటో వింటాను." ఆమె మనసులో చిన్న దీపంలాంటిది వెలిగింది.

"వినండి సార్, తప్పకుండా వినండి" అన్నాడు అతను కళ్లు తుడుచుకుంటూ. "కానీ ముందు ఇది చూడండి. నలుగురిలో బయటపెట్టడం ఇష్టం లేక దాచాను." లోపలి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

ఇన్‌స్పెక్టర్ చదివాడు. చదువుతున్న కొద్దీ ఆయన ముఖంలో ఆమె పట్ల ఉన్న మర్యాద కాస్తా జాలిగా మారిపోవడం ఆమె కళ్లారా చూసింది. ఆయన కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

అది ఒక మానసిక చికిత్సాలయం ఫారం. తనకు మతి స్థిమితం లేదని, తన ఇష్టంతోనే అందులో చేరుతున్నానని, తన మంచిచెడ్డలన్నీ భర్తే చూసుకుంటాడని దాంట్లో ఉంది. కింద సంతకం. పక్కన ఇవాళ్టి తేదీ.

"ఇది కూడా ఇతనే రాసుంటాడు సార్!" అని అరిచింది అక్క. "దొంగ సంతకం! అడగండి దాన్ని. చెప్పవే, నీది కాదని చెప్పు!"

ఆమె కాగితం మీదికి వంగింది. పై మూలన గుండ్రంగా టీ మరక ఉంది. ఆ మరక ఆమెకు గుర్తొచ్చింది. కిందటి చలికాలం, పొద్దున్నే పనికి వెళ్లే హడావుడిలో, వాకిట్లో నిలబడి ఉంటే అతను కప్పు తెచ్చిచ్చాడు. కప్పు కింద ఈ కాగితం. "బీమా కాగితమే, సంతకం పెట్టి వెళ్లు" అన్నాడు. అప్పుడు తేదీ దగ్గర ఖాళీగా ఉంది. ఆమె చదవలేదు. ఎందుకు చదువుతుంది? తన మొగుడేగా.

"మాట్లాడమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ సంతకం నీదా, కాదా?"

అక్క ఆమె చెయ్యి నొక్కుతోంది. ఎదురుగా అతను తల వంచుకుని, ఎంతో దిగులుగా, ఎదురుచూస్తున్నాడు.

ఆ సంతకం ఆమెదే.